తులసిగద్దె కింది మూత

మా కాలనీ గోడలకు రాతలు ఎక్కువ. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళే రోడ్డు పక్కన, నిన్నమొన్నటిదాకా చెరుకు, పసుపు పండిన భూముల్లో లేచిన కాలనీ అది. ముందు ఇళ్ళొచ్చాయి, తర్వాత రోడ్లొచ్చాయి, డ్రైనేజీ ఇంకా రాలేదు. అందుకే ప్రతి ప్రహరీ మీదా, ప్రతి కరెంటు స్తంభం మీదా ఒకటే రాత: సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్, కింద ఫోన్ నంబరు. కొత్తగా రంగు వేయించిన మా గోడ మీద రాసిన మనిషి దొరికితే నాలుగు దులిపేద్దామని చాలా రోజులు కాపు కాశాను. దొరకలేదు. ఆరేళ్ళ తర్వాత ఒక పొద్దున ఫోన్ పట్టుకొని ఆ రాత దగ్గరికే పరుగెత్తాను.

మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి పది రోజులు. ఆమె కోసమే కింది బాత్రూంలో కుర్చీలా కూర్చునే కమోడ్ పెట్టించాం. ఆ పొద్దున అందులో నీళ్ళు పోస్తే కిందికి పోకుండా పైకొచ్చాయి. పక్కింటివాళ్ళు తమ ఇంటికి తీసుకురమ్మన్నారు గానీ వాళ్ళది గొంతుక్కూర్చునేది. కొత్త మోకాలితో ఆమె అలా కూర్చోలేదు. కూర్చోగలిగినా, వాకర్ పట్టుకొని ఆ పని మీద ఇంకొకరి గడప తొక్కే మనిషి కాదు.

ఛాయ్ ఇస్తే వద్దంది. ఉప్మా పెడితే ఆకలి లేదంది. మాత్రలకు నీళ్ళిస్తే ఒక్క గుటకతో మింగి గ్లాసు పక్కన పెట్టేసింది.

"నీళ్ళన్న తాగు అత్తమ్మా."

"తాగితే పోవాలె గద బిడ్డా," అంది నా వైపు చూడకుండా.

ఇల్లంతా ఒంటిచేత్తో నడిపిన మనిషి నోట ఆ మాట వింటే నా మనసు చివుక్కుమంది.

ట్రాక్టరుకు తగిలించిన ట్యాంకరు గంటలో వచ్చింది. నడిపే అతనిది బోధన్ వైపు ఊరు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు అదే ట్రాక్టరుతో చెరుకు తోలాడట. "అప్పుడు గడల కోసం బండెనక ఉరికేటోళ్ళు అక్కా. ఇప్పుడు గదే బండిని సూసి ముక్కు మూసుకొని ఉరుకుతున్నరు," అని తనే నవ్వాడు. పైపు దించి అడగాల్సిన మాట అడిగాడు.

"మూత యాడున్నది?"

జామచెట్టు కింద అన్నాడు మా ఆయన. తవ్వితే మట్టే. కాదు కాదు, మోటారు పక్కన అన్నాడు. అక్కడ తవ్వితే నల్లా పైపు పగిలి ముంగిలంతా తడిసింది. నేను మాత్రం నోరు విప్పలేదు. ఎందుకంటే నాకు అప్పుడే గుర్తొచ్చింది.

గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు ఆ సిమెంటు మూత, రెండు ఇనుప కొంకీలతో ముంగిట్లో ఎత్తుగా లేచి కనిపించింది. వచ్చే చుట్టాలు ముందు చూసేది దీన్నేనా అని నాకు ఒళ్ళు మండింది. మేస్త్రీని పిలిచి, "గిది కనవడొద్దు, ఏమన్న చెయ్యి," అని బట్టల దుకాణానికి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి దాని మీద ముచ్చటైన తులసిగద్దె లేచింది, నాలుగు వైపులా దీపాల గూళ్ళతో సహా. అత్తమ్మ దాన్ని చూసి మురిసిపోతోంది. అంత సంబరంలో ఉన్న మనిషికి దాని కింద ఏముందో ఏమని చెప్పను? చెప్పలేదు. ఆరేళ్ళు ఆమె పొద్దూమాపూ దీపం పెట్టి చుట్టూ తిరిగింది. నేను పక్కన నిలబడి దండం పెట్టాను. రానురాను మరిచిపోయాను కూడా.

ట్యాంకరు అన్న, కొబ్బరికాయ కొనేవాడు తట్టి చూసినట్టు, గడ్డపారతో నేలను తట్టుకుంటూ వచ్చాడు. గద్దె దగ్గర డొల్లగా మోగింది. నా వైపు చూశాడు. నేను జామచెట్టు వైపు చూశాను.

"అక్కా, కారు షెడ్డు కింద మూత తీసిన. వంటింట్ల బండ కింద తీసిన. గిది మాత్రం నాతోని కాదు. పిల్లలున్నోన్ని."

మా ఆయన కూడా రెండడుగులు వెనక్కి వేసి, "అవ్వకు నువ్వే చెప్పరాదు," అన్నాడు. తల్లికి చెప్పడానికి కష్టమైన మాట వచ్చినప్పుడల్లా ఆయనకు నేను గుర్తొస్తాను.

లోపలికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. మేస్త్రీకి చెప్పింది నేనే అని, ఇన్నేళ్ళూ దాచింది కూడా నేనే అని. తిడుతుందనుకున్నాను. అత్తమ్మ వాకర్ దగ్గరికి లాక్కుంది.

"లేపు నన్ను."

అడుగులో అడుగేసుకుంటూ గద్దె దాకా వచ్చింది. వంగలేదు కాబట్టి నిలబడే దండం పెట్టింది. "తల్లీ, నువ్వు యాడ వెట్టినా పెరుగుతవు. నేను పొద్దుగాల్నుంచి బిగవట్టుకొని కూసున్న. జెర జరుగు."

తర్వాత నా వైపు తిరిగింది. "సూస్తవేంది? కట్టిచ్చింది నువ్వే గద. తియ్యి."

తులసిని మట్టితో సహా ఖాళీ రంగుల బకెట్టులోకి మార్చి, గడ్డపారతో మొదటి దెబ్బ నేనే వేశాను. రెండో దెబ్బకు ట్యాంకరు అన్నకు ధైర్యం వచ్చింది. మూత లేచింది, పైపు దిగింది, మోటారు మొదలైంది. వీధిలో కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. అత్తమ్మ ఒక్కతే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వరండాలో కూర్చొని అజమాయిషీ చేసింది. "అడుగుదాక గుంజు కొడుకా. తులసమ్మను మాటిమాటికి లేపుతమా?"

అంతా అయ్యాక ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ముంగిట్లో నిలబడ్డాం. ఆపరేషన్ నాడు కూడా మాకు అంత ఆదుర్దా లేదు. నీళ్ళు ధారాళంగా దిగిపోయిన చప్పుడు వినబడ్డాకే ట్యాంకరు అన్న తన పైపు చుట్టడం మొదలుపెట్టాడు.

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఛాయ్ వెట్టు బిడ్డా. అందరికి."

వంటింట్లో పాలు పొంగుతుంటే నాకు ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. ఆమెకు స్టీలు గ్లాసు నిండా పోసి ఇచ్చాను. అడుగు చుక్క మిగల్చకుండా తాగి, గ్లాసు మళ్ళీ నా ముందుకు చాపింది.