కుడిచేతికి చూడని బీపీ

మేడ మీది మొక్కలకు నీళ్లు పోయడం ఉద్యోగ విరమణ నాటి నుంచి నా పని. కుడిచేత్తో మెట్ల కమ్మీ పట్టుకొని, ఎడమచేత్తో బకెట్ మోస్తాను. గత వేసవిలో ఒక ఉదయం పై మెట్టు చేరేసరికి ఎడమచెయ్యి లాగేసింది, కళ్లు చీకట్లు కమ్మాయి. అక్కడే కూర్చుండిపోయాను. ఆ తర్వాత తరచూ అదే జరిగింది.

మేడ్చల్‌లో మేము చూపించుకునే డాక్టరు ఎక్స్‌రే తీయించి, "సర్వైకల్ స్పాండిలోసిస్. ఈ వయసులో మామూలే" అని మెడకు కాలర్ ఇచ్చారు. ఇంట్లో రోజూ రాసుకునే బీపీ అంకెలు చూపించాను. "మీ బీపీ నాకంటే బాగుంది" అని నవ్వారు. కాలర్‌తో ఏమీ తగ్గలేదు. ఎక్కడ పడిపోతానోనని మా ఆవిడ బకెట్ దాచేసింది.

మనవరాలు స్రవంతి అప్పుడు మెడికల్ పీజీ పరీక్షకు చదువుతోంది. అరుదైన సిండ్రోమ్‌ల కార్డులు నా చేతికిచ్చేది. నేను లక్షణాలు చదివితే తాను పేరు చెప్పాలి. ఒక సాయంత్రం ఒక కార్డు చదివాను: చేతితో పని చేసినప్పుడు తల తిరగడం, రెండు చేతుల బీపీలో తేడా.

"సబ్‌క్లేవియన్ స్టీల్" అని తడుముకోకుండా చెప్పింది. నేను తర్వాతి కార్డు తీయలేదు. తనూ నన్నే చూసింది.

"తాతా, బకెట్ ఏ చేత్తో మోస్తవ్?"

"ఎడమ."

"బీపీ ఏ చేతికి జూస్కుంటవ్?"

"ఎడమచేతికే. కుడిచేత్తో రాసుకోవద్దా?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: "పేజీకొక రోగం అంటగడ్తున్నవేందే! మొన్న నాకు థైరాయిడ్ అన్నవ్. ఇయ్యాల తాత దొరికిండా?"

"ఆగు అవ్వా, జెర గా బీపీ మిషన్ తే."

ఎడమచేతికి ఎప్పటిలాగే నూట పద్దెనిమిది. కుడిచేతికి నూట అరవై నాలుగు. మళ్లీ చూసింది, నూట అరవై రెండు. మా ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

పెద్దాసుపత్రిలో రక్తనాళాలకు డాప్లర్ స్కాన్, సీటీ యాంజియోగ్రామ్ చేశారు. "ఎడమచేతికి పోయే రక్తనాళం మొదట్లోనే సన్నబడింది" అన్నారు వాస్క్యులర్ సర్జన్. "ఆ చెయ్యి కష్టపడితే మెదడుకు పోవాల్సిన రక్తాన్ని లాక్కుంటోంది. 'స్టీల్' అంటే ఆ దొంగతనమే. మీ అసలు బీపీ కుడిచేతిది. ఇన్నాళ్లు మందు లేకుండా ఉన్నారు, స్ట్రోక్ రాలేదు, సంతోషించండి."

గజ్జలోంచి ట్యూబు పంపి, నాళం తెరుచుకునేలా స్టెంట్ వేశారు. ట్యూబు తీసినచోట రక్తం గడ్డకట్టి వాచింది. అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. స్రవంతి మంచం పక్కనే కూర్చుని చదివింది. కార్డులు నేనే పట్టుకున్నాను.

పరీక్షలో ఆ సిండ్రోమ్ అడగలేదట. సీటు మాత్రం వచ్చింది.

ఇప్పుడు బీపీ మందు వాడుతున్నాను, బకెట్ తిరిగి నా చేతికొచ్చింది. మీకు నేను చెప్పేది ఒక్కటే. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు రెండు చేతులకూ బీపీ చూడమని అడగండి. తేడా ఎక్కువగా ఉంటే కారణమేమిటో అడిగి తెలుసుకోండి. నేనైతే ఇంట్లోనే రెండు చేతులకూ చూసుకుంటున్నాను. పట్టీ కుడిచేతికి ఉన్నప్పుడు ఎడమచేత్తో రాస్తాను. అంకెలు కాస్త వంకరగా వస్తాయి, అంతే.