సగం నొక్కిన లగ్గు

మా బావ పోయాడు. మంగళవారం పొద్దున పది గంటలకు, ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాత మిలిటరీ జీపుకు వైరు తయారు చేస్తూ స్టూలు మీదే ఒరిగిపోయాడట. కాసిపేటలో డ్యూటీలో ఉన్న నాకు అక్క ఫోను చేసి ఒక్కటే మాట చెప్పింది. "మీ బావ లేస్తలేడురా." నేను గోదావరిఖని చేరేసరికి ఇంటిముందు కుర్చీలు వేసేశారు. నాకు ఏడుపు రాలేదు. పని మధ్యలో మనిషిని లేపుకుపోయిన చావు మీద రోత పుట్టింది. ఆ తర్వాత మూడు రోజుల్లో చూసినవాటికి ఆ రోత రెండింతలైంది. అది దిగక ఇది రాస్తున్నాను.

బావ ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. రిటైరయ్యాక ఆయన చేతులు ఊరుకోలేదు. వేలంలో కొన్న పాత మిలిటరీ బండ్లను ముచ్చటపడి బాగుచేయించుకునేవాళ్లు పెద్దపల్లి నుంచి, రామగిరి నుంచి వెతుక్కుంటూ వచ్చేవారు. ఇంజను పని ఎవరైనా చేస్తారు, వైరింగ్ మాత్రం ఆయనే చేయాలి. గుడ్డ తొడుగున్న పాత వైర్లు విప్పి, ఒక్కోదానికి నంబరు బిళ్ల కట్టి, కొత్తవి అదే దారిలో పరిచేవాడు. కొసకు, స్క్రూ కింద బిగించే ఇత్తడి లగ్గు తొడిగి, నొక్కుడు పట్టకారుతో బిగించి, మూడుసార్లు గుంజి చూసేవాడు. మూడోసారి గుంజేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఎందుకని అడిగితే, బాయి లోపల చీకట్లో చెయ్యే చూస్తది అనేవాడు.

ఆయనకు పరమ అసహ్యం టేపు. రెండు వైర్లు మెలిపెట్టి నల్లటేపు చుట్టిన జాయింటు కనబడితే చాలు, ఎంగిలాకు ముట్టుకున్నట్టు మొహం పెట్టేవాడు. రెండు వేళ్లతో ఎత్తి, బండి ఆసామికే చూపించి, "గిది జాయింటు గాదన్నా, పుండుకు కట్టిన గుడ్డ" అనేవాడు. మొహమాటం లేదు. ఆ నోటివల్ల కొందరు మళ్లీ రాలేదు కూడా. అక్క సతాయిస్తే నవ్వి ఊరుకునేవాడు.

సెలవురోజుల్లో నేనూ వెళ్లి చేతిసాయం చేసేవాణ్ణి. ఒకసారి ఆయన అన్నానికి వెళ్లినప్పుడు, జల్ది అవుతుందని ఒక లగ్గును కటింగ్ ప్లేయరుతో నలిపేశాను. చూడ్డానికి బాగానే ఉంది. బావ వచ్చి గుంజాడు. వైరు ఊడి చేతికొచ్చింది. తిట్టలేదు. వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాడు, అది తిట్టుకన్నా ఎక్కువ. ఆ రోజు నేను బిగించిన లగ్గులన్నీ కత్తిరించి మళ్లీ వేయించాడు. సాయంత్రం చాయ్ తాగుతూ అన్నాడు.

"ఊడిందని గాదు బామ్మర్దీ నా రోత. ఊడకపోతే నువ్వు నాకు చెప్పేటోనివే కాదు."

ఇక ఆయన చివరి జీపు సంగతి. దాని ఆసామి ఒక కాంట్రాక్టరు. ఆ జీపుకు ఒక్క ముందు దీపం వైరు తప్ప అంతా అయిపోయింది. శత్రువుకు కనబడకుండా గొడుగు కప్పిన చిన్న దీపం అది. దహనం రోజున కాంట్రాక్టరు వచ్చి, ఆయన బాగుచేసిన బండిమీదే ఆయన్ను తీసుకుపోదాం, అదే మర్యాద అన్నాడు. అందరూ తలలూపారు. తాళంచెవి తెచ్చి ఇచ్చింది నేనే.

పూలదండలు వేశారు. పాటలకని పిలిచిన మైకుసెట్టువాడు కరెంటు కోసం డ్యాషుబోర్డు కింద దూరి, హారను వైరు తొడుగును పళ్లతో కొరికి, తన వైరు దానికి మెలిపెట్టి టేపు చుట్టాడు. బావ శవం పక్కనే, బావ వైరును. నేను చూశాను. వద్దని నోటిదాకా వచ్చింది. అంతమంది ముందు రభస ఎందుకని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

చౌరస్తా దగ్గర డ్యాషుబోర్డు నుంచి పొగ లేచింది. డప్పులు ఆగిపోయాయి. జనం తలోదిక్కు ఉరికారు. పొగలో బావ ఒక్కడే ఉన్నాడు, పూలదండలతో. నలుగురం కిందికి దించి మిగతా దారి భుజాలమీద మోశాం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పాత బండి గదా, ఏం చేస్తాం అని కాంట్రాక్టరు దస్తీతో మూతి తుడుచుకున్నాడు.

మూడోరోజు పిట్టకు పెట్టాం. ఆయనకిష్టమైన సర్వపిండి, బోటి కూర విస్తట్లో వేసి దూరం జరిగామో లేదో కాకి వచ్చి ముట్టింది. కోరికలేం లేవు, తృప్తిగా పోయిండు అని పెద్దలు సంబరపడ్డారు. నాకు నమ్మకం కుదరలేదు. బావ అంత తేలిగ్గా దేనికీ తృప్తిపడే మనిషి కాదు. ఇంతలో కాంట్రాక్టరు పక్కవాళ్లతో అంటున్నది వినబడింది.

"ఎంత పనోడైతేంది. ఆఖరికి ఆయన వైరింగే ఆయన కింద కాలె."

అక్క తలెత్తి నావైపు చూసింది. నా మీద నాకే రోత పుట్టింది.

"బావ వైరింగ్ కాలలే," అన్నాను. "మైకాయన హారను వైరు కొరికి టేపు చుట్టిండు. నేను చూసిన. చూసి ఊకున్న. తప్పు నాది."

కాంట్రాక్టరు సర్దుకుని, సరే, కాలినకాడ ఇంత టేపేసి బండి ఇచ్చెయ్యి, ఆదివారం ఊరేగింపుంది అన్నాడు. టేపు వెయ్యను, ఆదివారం బండి రాదు అని చెప్పాను. ఇంటికొచ్చి, దహనం రోజే షెడ్డుకు తోసుకొచ్చి పెట్టిన జీపు డ్యాషుబోర్డు విప్పాను. కాలి ముద్దయినవి టేపు ముడి, దాని వెంట ఉన్న వైర్ల తొడుగులు. వాటి కొసల బావ లగ్గులు మసి పట్టి ఉన్నాయి. గుంజితే ఒక్కటీ కదల్లేదు.

అప్పుడు అక్క బావ పనిముట్ల సంచి తెచ్చి, అందులోంచి ఒకటి తీసి నా ముందు పెట్టింది. "ఇది తెరుసుకుంటలేదురా," అంది.

నొక్కుడు పట్టకారు. దాని దవడల్లో ఒక లగ్గు, లగ్గులో చిన్న దీపం వైరు. ఆ పట్టకారుకు ఒక గుణం ఉంది. నొక్కడం మొదలుపెట్టాక పూర్తిగా నొక్కితే తప్ప తెరుచుకోదు. బావ సగమే నొక్కాడు. మంగళవారం ఆయన వేళ్లలోంచి దాన్ని అక్కే తీసిందట.

రెండు చేతులతో పట్టుకుని చివరిదాకా నొక్కాను. టక్కుమని తెరుచుకుంది. వైరు గుంజాను, రాలేదు. మళ్లీ గుంజాను. మూడోసారి కళ్లు మూసుకున్నాను. అక్క వైరు రెండో కొస పట్టుకుని, అటువైపు నుంచి తనూ గుంజింది.