నెత్తళ్ళ కాపలా

మా అప్ప మంచం దిగడం మానేసి నాలుగు నెలలైంది. అక్కని మా కళింగపట్నంలో అప్ప అంటాం. ఒంట్లో జబ్బేమీ లేదు. తిండి వద్దు, మాటా వద్దు. కదిపితే "నాకేటీ వొద్దే, ఒగ్గెయ్" అని గోడవైపు తిరుగుతుంది. చివరికి శ్రీకాకుళంలో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

కుర్ర డాక్టరు. అన్నీ అడిగాక, "చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా బాగా కొట్టేవారా?" అన్నాడు. ఆ దెబ్బలు ముసలితనంలో ఇలా బయటపడొచ్చు, అందుకే అడుగుతున్నానన్నాడు. అప్ప నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. "లేదండీ, మా అమ్మ సొంత కూతురిలా పెంచింది." అప్ప తలూపింది. ఆయన రాసుకున్నాడు.

అబద్ధం. అదీ నాకు పాత అలవాటే.

అప్ప మా పెదనాన్న కూతురు. తల్లీ తండ్రీ పోతే పదేళ్ళప్పుడు మా ఇంటికొచ్చింది. అరవయ్యో దశకం చివరి రోజులు. ఒడ్డున ఇసుక మీద నెత్తళ్ళు ఎండబెట్టి, కాకులూ కుక్కలూ ముట్టకుండా మేమిద్దరం వంతులవారీగా కాపలా ఉండేవాళ్ళం. ఒక మధ్యాహ్నం నా వంతు వదిలేసి గవ్వలు ఏరుకోవడానికి పోయాను. వచ్చేసరికి కుక్కలు సగం చేపలు తినేశాయి.

"ఎవర్తే కాపలా?" అని అమ్మ కేకేసింది.

"అప్పే," అన్నాను.

"తిన్న కూడు అరగనేదేటే నీకు!" అంటూ అమ్మ చీపురు తిరగేసి అప్పని కొట్టింది. ఆ తర్వాత మండుతున్న ఇసుకలో వట్టి కాళ్ళతో పొద్దుగూకేదాకా నిలబెట్టింది. అప్ప ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుంటూ నిలబడింది. నేను పాక నీడలో గవ్వలాడుకున్నాను. అప్ప నా పేరు చెప్పలేదు. దాంతో రుచి మరిగాను. కుండ పగిలినా, కూర మాడినా అప్ప పేరే చెప్పేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనుకున్నాను.

పెద్దయ్యాక పంతులమ్మనయ్యాను. పిల్లల మీద చెయ్యెత్తొద్దని తోటి పంతుళ్ళతో ముప్పై ఏళ్ళు పోట్లాడాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని మందుల షాపు ముందు నిలబడ్డాం. అప్ప నేల చూస్తూ అంది, "నువ్వు సెప్తే ఎవులైనా నమ్ముతారే. అప్పుడూ అంతే."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. చచ్చిపోయిన అమ్మ పరువు కాపాడుతున్నాననుకున్నాను గానీ, డాక్టరు ముందు నేను కాపాడుకున్నది నన్నే.

అప్ప చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాను. "బాబూ, నేను చెప్పింది అబద్ధం. మా అమ్మ కొట్టేది. తప్పులు నావి, దెబ్బలు అప్పవి," అన్నాను.

"నిజమేనా అమ్మా?" అని డాక్టరు అప్పని అడిగాడు.

అప్ప ఆయన వైపు చూడలేదు. చెప్పమంటావా అన్నట్టు నా వైపు చూసింది. ఇంత వయసొచ్చాక కూడా నన్నే అడుగుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"సెప్పప్పా," అన్నాను.

అప్ప కుర్చీ కిందికి పాదాలు లాక్కుంటూ అంది, "ఇసక కాలిపోయేది, బాబూ."