కొరియా తొక్కు

ఆ రోజుల్లో నా నోటి మీద నాకు అపారమైన నమ్మకం. నాలుగు మాటలు కలిపితే ఎవరైనా ఏదైనా కొంటారని నా సిద్ధాంతం. (ఆ నోటి మూలంగానే మా నాన్న నన్ను రెండుసార్లు ఇంట్లోంచి గెంటారన్న సంగతి ఎందుకో గుర్తొచ్చేది కాదు.) ఖతార్ వచ్చి, ఏషియన్ టౌన్‌లో ఒక సూపర్‌మార్కెట్లో సేల్స్‌మన్‌గా చేరాను. ప్రొబేషన్ ఆఖరి రోజు శుక్రవారం వచ్చింది. ఆ రోజే నా చేతికి కొరియా వాళ్ళ బియ్యప్పిండి తినుబండారం ట్రే ఒకటి అప్పగించారు. తెల్లగా, వేలెడేసి పొడవున్న పుల్లలు, ప్యాకెట్ మీద ఎర్రటి పులుసు బొమ్మ. వాటిని వాళ్ళు 'తొక్' అంటారట. "శామ్ తక్ ట్రే ఖాళీ నహీ, తో తుమ్ భీ ఖలాస్. యల్లా!" అన్నాడు మా మేనేజరు, సాయంత్రానికి ట్రే ఖాళీ కాకపోతే నా ఉద్యోగమూ ఖాళీ అని. అన్నింటికీ యల్లా (అరబ్బీలో 'పద, కానీ' అని) అంటాడని ఆయనకు మేము పెట్టుకున్న పేరు యల్లా సార్.

మధ్యాహ్నం దాటినా ఒక్క ప్యాకెట్ కదల్లేదు. సరుకు పంపిన కంపెనీ కొరియా మేడమ్ పక్కనే నిలబడింది. 'ఎందుకు కొన్నారు? రుచా, ధరా, ప్యాకింగా?' అని కొన్నవాళ్ళను అడిగి రాసుకోవడానికి ఆమె చేతిలో ఫారాలు. అడగడానికి మనిషేడీ? ఊరికి తిరిగి వెళ్తే నాన్న మొహం ఎలా ఉంటుందో కళ్ళకు కట్టింది. గొంతు చించుకుని, "తొక్! కొరియా తొక్!" అని అరిచాను.

రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో పనిచేసే ఒక కరీంనగర్ అన్న టక్కున ఆగాడు. "ఏమన్నవ్ తమ్మీ? తొక్కా? మామిడికాయ తొక్కా?"

మా గుంటూరు వైపు తొక్క అంటే అరటిపండుది. తెలంగాణలో తొక్కు అంటే పచ్చడి అని రూమ్మేట్ల పుణ్యమా అని నాకు బాగా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదీ తప్పుడు సమయంలో.

"అరేయ్, ఈడ తొక్కు దొరుకుతున్నది, రార్రి!" అని ఆయన కేకేస్తే లేబర్ క్యాంప్ బస్సులో వచ్చినవాళ్ళంతా మీద పడ్డారు. ట్రే ఖాళీ. యల్లా సార్ నవ్వాడు. మేడమ్ ఫారం తెరిచి, "వీళ్ళెందుకు కొన్నారో అడుగు" అంది. అంతలో అన్న అక్కడే ప్యాకెట్ చింపాడు.

"గీ తెల్లపుల్లలేంది? తొక్కేది తమ్మీ?"

అందరూ నన్నే చూస్తున్నారు. "అన్నా, ఇది తొక్కు కాదు, బియ్యప్పిండి. నాకు ముందే తెలుసు. చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డానన్నా" అన్నాను. ప్యాకెట్లు ఒక్కొక్కటే ట్రేలోకి తిరిగొచ్చాయి. అన్న మాత్రం తనది ఇవ్వలేదు.

"తొక్కు అన్న మాట ఇనక మస్తు దినాలాయె తమ్మీ. గా మాటకే కొన్న. ఉండనియ్."

ఏమన్నాడని మేడమ్ అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను, ఈసారి ఏమీ దాచకుండా. ఆమె రుచి, ధర, ప్యాకింగ్ అన్నీ వదిలేసి, కింద ఖాళీ చోట చాలాసేపు ఏదో రాసుకుంది. వెళ్తూ యల్లా సార్ చెవిలో ఏమందో గాని, ఆయన మూతి ముడుచుకుని, "ఔర్ ఏక్ మహీనా. యల్లా!" అని ప్రొబేషన్ ఇంకో నెల పొడిగించాడు.

తర్వాతి శుక్రవారం అన్న చిన్న సీసాతో వచ్చాడు. ఊరి నుంచి వచ్చిన అసలైన మామిడికాయ తొక్కు. ఆ పుల్లలు ఉడికించి అందులో అద్దుకు తిన్నాం. బాగున్నాయి, ఒట్టు.

ఇప్పుడు కొత్తగా చేరిన సేల్స్‌మన్లకు జనం ఎందుకు కొంటారో పాఠం చెప్పేది నేనే. "సరుకు గురించి ఏదీ దాచకండి" అని గంభీరంగా అంటాను. అన్న కాంట్రాక్టు ముగిసి ఎప్పుడో ఊరెళ్ళిపోయాడు. అయినా కొరియా ట్రే సర్దేటప్పుడు, ఎవరూ వినకుండా ఒక్కసారి "తొక్కు" అని పిలిచి చూస్తాను.