ఒడి నిండితే వచ్చే దడ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను నందిగామలో ఉంటూ, పిలిచిన నర్సింగ్‌హోముకల్లా వెళ్ళి మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేస్తున్నాను. రిటైరయ్యే ముందు అదే చివరి మజిలీ. ఒక ఉదయం జగ్గయ్యపేట నుంచి పిలుపు వచ్చింది. వత్సవాయి వైపు పత్తి కూలీ మరియమ్మకు పిత్తాశయంలో రాళ్ళు. పొట్ట కోసి తీయాలి.

ముందురోజు చూసిన బీపీ మామూలుగానే ఉంది. కానీ ఏసీ గదిలో బల్ల మీద పడుకున్న మనిషి జాకెట్టు చెమటతో తడిసిపోయింది. భయమేనన్నారు సర్జన్. నాకు నమ్మకం కుదరలేదు.

మత్తు ఇచ్చాక పొట్ట కోసి, ఆయన కాలేయం కిందికి చెయ్యి పెట్టగానే పై బీపీ రెండొందల యాభై దాటింది. గుండె పరుగందుకుంది. ముందు యంత్రాన్ని అనుమానించాను. చేతి పట్టీ మార్చి చూసినా అదే వరస. సర్జన్ నన్ను అనుమానించారు.

"మత్తు చాల్లేదండీ. గుండె వేగం తగ్గించే ఇంజెక్షన్ వేసెయ్యండి, నేను కానిచ్చేస్తా" అన్నారు.

మత్తు పెంచినా లాభం లేదు. ఆయన చెయ్యి తీస్తే బీపీ దిగుతోంది, పెడితే ఎక్కుతోంది. ఇంజెక్షన్ సిరంజిలోకి తీసుకుని కూడా ఆగిపోయాను. ఈమె ఏదో దాచిందనిపించింది. ఆపరేషన్ వాయిదా పడుతుందని బీపీ మాత్రల సంగతి చెప్పనివాళ్ళు మా వైపు చాలామంది. సర్జన్‌ను చెయ్యి తీసి ఆగమని బతిమాలి, వెంట వచ్చినవాళ్ళను అడిగి రమ్మని నర్సును బయటికి పంపాను.

వెంట వచ్చింది మేస్త్రి, అంటే కూలీల ముఠాను నడిపే ఆవిడ. నర్సు ఆవిడ మాటల్ని ఉన్నదున్నట్టు తెచ్చింది: "బీపీ లేదు, గీపీ లేదండి. దానిది దొంగ జబ్బు. నడుముకి కట్టిన ఒడి పత్తితో నిండేసరికి దడ, తలనొప్పి అంటా చెమటలు పోసేసి కూలబడుద్ది. ఒడి విప్పగానే మామూలైపోద్ది. పని ఎగ్గొట్టడానికేనండి."

ఒడి నొక్కినా, సర్జన్ చెయ్యి నొక్కినా జరిగేది ఒకటే. కాలేయం వెనక, మూత్రపిండం మీదుండే గ్రంథిలో ఒక రకం గడ్డ ఉంటే, నొక్కినప్పుడల్లా బీపీని పెంచే హార్మోన్‌ను రక్తంలోకి కుమ్మరిస్తుంది. అలాంటివాళ్ళకు రక్తనాళాలను వదులుచేసే మందు పెట్టకుండా ముందే ఆ గుండె ఇంజెక్షన్ ఇస్తే బీపీ ఇంకా పెరిగి ప్రాణమే పోవచ్చు. సిరంజి పక్కన పడేసి, రక్తనాళాలు వదులయ్యే డ్రిప్పు పెట్టి, కుట్లు వేసెయ్యమన్నాను. సర్జన్ మొహం ముడుచుకున్నారు గానీ వేశారు.

విజయవాడలో స్కాన్ తీస్తే గడ్డ కనబడింది. కొన్ని వారాలు మాత్రలు వాడించి, అక్కడే తీసేశారు. మరియమ్మ బతికింది. ఆ సంగతి చెబితే మేస్త్రి నా వంక అనుమానంగా చూసి, "అయితే దానికి నిజంగానే దడ వచ్చేదాండీ?" అని అడిగింది.

ఆ తర్వాత నేను ఏ రోగినీ బీపీ ఉందా అని మాత్రమే అడిగి వదల్లేదు. ఏ పని చేస్తుంటే ఒంట్లో తేడా వస్తుందో అడిగాను. వెంట వచ్చినవాళ్ళు దొంగ జబ్బు అంటే, ఆ మాటను కేసు షీటులో అన్నిటికంటే పైన రాశాను.