మంచుగుట్టల మీద దిక్కు పట్టిన రోజు

కెనడాలో నేను పరుగు మొదలుపెట్టింది ఆరోగ్యం కోసం కాదు, బస్సు దొరక్క.

బర్నబీలో మా యూనివర్సిటీ కొండ మీద ఉంటుంది. నేను చేరిన ఏడాది స్టూడెంట్లు ఎంతమంది వచ్చిపడ్డారంటే, కొండ కింద స్టాపులో నిలబడితే బస్సులు నిండుగా వచ్చి ఆగకుండానే పోయేవి. కిటికీల్లో సగం ముఖాలు మనవాళ్ళవే. పొద్దున బేకరీలో షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి నాకెప్పుడూ క్యూ చివరే చోటు. ఒకరోజు క్లాసులో ప్రెజెంటేషన్ ఉంది. వచ్చిన బస్సల్లా ఆగకుండా పోతుంటే విసుగొచ్చి, బ్యాగు పట్టీలు బిగించి కొండెక్కే రోడ్డు మీద పరుగెత్తాను. రొప్పుతూ, చెమటతో, టైముకే క్లాసులో అడుగుపెట్టాను. మర్నాడు బస్సు కోసం చూడనేలేదు.

ఆ రోడ్డు మీదే ఒక పెద్దావిడ పరిచయమైంది. రిటైరైన నర్సు, అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉండేది. రోజూ నన్ను సునాయాసంగా దాటిపోయేది. ఒకనాడు వేగం తగ్గించి నా పక్కన నడుస్తూ, "బ్యాగుతోనే ఇలా ఎక్కుతున్నావే, అది లేకపోతే ఎంత దూరం పోతావో చూడాలనుంది" అంది. అలా ఆదివారాలు ఆమెతో కొండ వెనక అడవిదారుల్లో పరుగెత్తడం అలవాటైంది. చలికాలం మొదలవుతుండగా ఒక రేసు సంగతి చెప్పింది. రాష్ట్రం లోపలివైపు, చెట్టన్నది లేని బోడిగుట్టల మీద ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు పరుగు. వేసవిలో అక్కడ పశువులు మేస్తాయట. చలికాలంలో మంచు, గాలి తప్ప ఇంకేమీ ఉండవట.

బేస్‌మెంట్‌లో నాతో ఉండే గుంటూరమ్మాయికి చెబితే తల పట్టుకుంది.

"ఏమే, నీకేమైనా పిచ్చా? ఆ చలికి బయట నిలబడ్డానికే హడలు, ముప్ఫై కిలోమీటర్లు రన్ చేస్తావా?"

"ఏం గాదు. మెల్లగ పోత. నువ్వు గూడ రా, మంచు చూద్దువు."

"వస్తాలే. నిన్ను మోసుకురావడానికి ఒకళ్ళు కావాలిగా" అంది.

పెద్దావిడ కార్లో ముగ్గురం బయల్దేరాం. రేసు ఉదయం ఒక కమ్యూనిటీ హాల్లో సామాను తనిఖీ జరిగింది. ప్రతి ఒక్కరూ మ్యాప్, కంపాస్, విజిల్, వెచ్చటి జాకెట్, రేకులాంటి దుప్పటి వెంట ఉంచుకోవాలి. నా సంచీ చూస్తున్న వాలంటీరు కంపాస్ పైకెత్తి, "ఇది వాడటం తెలుసా?" అని నవ్వుతూ అడిగాడు. తెలుసన్నాను. అతను నమ్మినట్టు కనిపించలేదు. ఆ మాటకొస్తే అక్కడ చాలామంది చేతికున్న వాచీల్లోనే దారి చూసుకునేవాళ్ళు.

మొదటి గంటలు బాగానే గడిచాయి. బూట్లకు తగిలించుకున్న ఇనుప ముళ్ళు కరకరమంటూ మంచులో దిగుతున్నాయి. ఎటు చూసినా తెల్లటి గుట్టలు, ఒకదాని వెనక ఒకటి. దారి పొడుగునా పాతిన చిన్న ఎర్రజెండాలే గుర్తు. నేను వెనకబడ్డవాళ్ళలో ఉన్నాను. పెద్దావిడ ఎప్పుడో ముందుకెళ్ళిపోయింది. గడ్డకట్టిన పశువుల నీళ్ళతొట్టి ఒకటి దాటి కంచె గేటు దగ్గరికొచ్చేసరికి మబ్బు దిగింది. దిగడమంటే, ఎవరో దుప్పటి కప్పినట్టు గుట్టలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. గాలికి మంచు లేచి, నేలకూ ఆకాశానికీ తేడా లేకుండా పోయింది.

గేటు దగ్గర ముగ్గురు నిలబడిపోయి ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ కూడా ఉంది. ముందుకు వెళ్ళి, జెండాలు కనపడక, తన అడుగుల జాడ పట్టుకుని వెనక్కి వచ్చిందట. మిగతా ఇద్దరిలో ఒకతను పొడుగాటి యువకుడు, ఇంకొకామె స్కూలు టీచరు. యువకుడి వాచీ చలికి ఆరిపోయింది. టీచరు ఫోనుదీ అదే పరిస్థితి.

"ఇక్కడే ఆగుదాం. ఎవరో ఒకరు వస్తారు" అన్నాడతను. అప్పటికే అతని దవడ వణుకుతోంది.

చెమట పట్టిన బట్టలతో ఆ గాలిలో నిలబడటం నాకు మంచిదనిపించలేదు. సంచీలోంచి మ్యాప్ తీశాను.

డిగ్రీలో నేను ఎన్‌సీసీ క్యాడెట్‌ని. క్యాంపులో మా ఉస్తాద్ మండుటెండలో మ్యాపు రీడింగ్ నేర్పేవాడు. ముందు నువ్వెక్కడున్నావో తేల్చుకో, తర్వాతే ఎటు వెళ్ళాలో ఆలోచించు అనేవాడు. ఎక్కడున్నామో నాకు తెలుసు. నీళ్ళతొట్టి, గేటు, కంచె మలుపు, మూడూ మ్యాపులో ఉన్నాయి. వచ్చే చెక్‌పాయింట్ టెంటు రెండు గుట్టల మధ్య పల్లంలో ఉంది. కంపాస్‌ని మ్యాపు మీద పెట్టి కోణం తీశాను. ఒక్క చిక్కుంది. మ్యాపులో ఉత్తరం, సూది చూపించే ఉత్తరం ఒకటి కావు. మన దగ్గర ఆ తేడా లేనట్టే, ఇక్కడ మాత్రం చాలా ఎక్కువ. అది ఎన్ని డిగ్రీలో మ్యాపు అంచున అచ్చువేసి ఉంది. నేను తీసిన కోణానికి దాన్ని కలపాలా, తీసెయ్యాలా? తప్పితే టెంటుకు దూరంగా, ఏమీ లేని వైపు పోతాం. చేతి తొడుగు విప్పి, మంచు మీద వేలితో బొమ్మ గీసి చూసుకున్నాను. తీసెయ్యాలి. రెండోసారి గీసినా అదే వచ్చింది.

"నేను తీసుకెళ్తాను. నేను చెప్పినట్టు నడవండి" అన్నాను.

యువకుడు పెద్దావిడ వంక చూశాడు. ఆమె నన్ను అడిగింది. "నమ్మకంగా చెబుతున్నావా?"

"అవును."

"అయితే పదండి" అంది.

ముందు యువకుణ్ణి పంపాను. అతని జాకెట్ మసకబారుతుండగా ఆగమని అరిచి, కుడికి, ఇంకొంచెం కుడికి అంటూ సూది చూపే గీత మీదికి తెచ్చాను. అతను అక్కడే నిలబడితే మేం చేరుకున్నాం. మళ్ళీ అతన్ని ముందుకు పంపాను. అలా మనిషినే జెండాగా పాతుకుంటూ, పీకుకుంటూ పోయాం. మోకాళ్ళదాకా మంచు. నా కనురెప్పలు అతుక్కుపోతున్నాయి. మధ్యలో టీచరు ఎడమవైపు ఏదో కనిపిస్తోందనీ, అటు పోదామనీ పట్టుబట్టింది. నాకూ ఏదో నల్లగా కనిపించింది. అయినా సూదినే నమ్మాను. వద్దన్నాను. ఆ ఒక్క మాట అనడానికి కావలసిన ధైర్యం అంతవరకూ నా జీవితంలో ఎక్కడా అవసరపడలేదు.

నేల కిందికి వాలడం మొదలైంది. మ్యాపులో అలాగే ఉంది. కాసేపటికి గంట మోగిన చప్పుడు. వాలంటీర్లు గాలికి ఎదురుగా నిలబడి గంట కొడుతున్నారు. టెంటుకు కాస్త కిందుగా తేలాం, అంతే.

లోపల పొయ్యి మీద సూపు కాగుతోంది. అక్కడి పెద్దాయన మమ్మల్ని లెక్కపెట్టి, "మీకోసం మనుషుల్ని పంపబోతున్నాం. ఎలా వచ్చారు?" అన్నాడు. ముగ్గురూ నా వైపు చూపించారు. సూపు గిన్నె ముందు నా చేతికే ఇచ్చాడు.

మబ్బు తేలిపోయేదాకా అందర్నీ అక్కడే ఆపి, ఆపైన రేసు కొనసాగించారు. మిగతా దారి కాళ్ళు ఈడ్చుకుంటూ పూర్తిచేశాను. ముగింపు గీత దగ్గర గుంటూరమ్మాయి రెండు జాకెట్లు వేసుకుని గంతులేస్తోంది.

"రావే తల్లీ, రా రా! ఇంకొంచెం! ఎన్నో ప్లేసే?"

"చివర్నుంచి లెక్కవెడితె జల్ది తెలుస్తది" అన్నాను. ఇద్దరం మంచులో కూలబడి నవ్వాం.

హాల్లో బహుమతులు గెలిచినవాళ్ళకిచ్చారు. అయిపోయాక పెద్దావిడ మైకు అడిగి తీసుకుని, గుట్టమీద జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. "మమ్మల్ని నడిపించింది ఈ అమ్మాయి" అంది. హాలంతా లేచి నిలబడింది. అక్కడివాళ్ళ ముందు తల వంచుకుని నిలబడటం అలవాటైన రోజులవి. బస్సులో, షిఫ్టులో, ఆఫీసుల కౌంటర్ల ముందు మేమంతా అలాగే ఉండేవాళ్ళం. ఆ సాయంత్రం మాత్రం నేను తల ఎత్తుకునే నిలబడ్డాను. చప్పట్లు ఆగేదాకా ఎత్తుకునే ఉన్నాను.

మరుసటి ఏడాది రేసుకు ముందు, కొత్తవాళ్ళకు కంపాస్ నేర్పమని నన్నే పిలిచారు.