ఆర్డిస్ పోసిన గుండ్లు

మా ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళలో ఆర్డిస్ టోలెఫ్సన్ చేతి వంట తిననివాళ్ళు అరుదు. బడి వంటగదిలో ఒక తరం పిల్లలకు ఆమే వండిపెట్టింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. వద్దన్నవాడి పళ్ళెంలోనే ఇంకో గరిటెడు వేసేది. "తినకుండా లేచావో, మీ అమ్మకు ఫోన్ చేస్తా" అనేది. నిజంగానే చేసేది కూడా.

ఆమె భర్త వెండెల్ నాకు చిన్ననాటి స్నేహితుడు. ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళ ఇంటికి మా ఇల్లు రెండిళ్ళ అవతల. ఉత్తర డకోటా చలికాలంలో మగాళ్ళకు చేసేందుకు పెద్దగా ఏమీ ఉండదు కనుక, ప్రతి గురువారం సాయంత్రం మాజీ సైనికుల భవనం కింది అంతస్తులో పిస్టల్ పందేలు పెట్టుకునేవాళ్ళం. వెండెల్ చేతిలో వాళ్ళ నాన్న నాటి నలభై ఐదు పిస్టల్ ఉండేది. ఒకసారి మీట నొక్కితే కాల్చిన తూటా గుల్లను తనే బయటికి విసిరేసి, తర్వాతి తూటాను తనే లోపలికి లాక్కునే రకం.

ఆ తూటాలకు ముందు కూర్చే సీసపు గుండ్లను వెండెల్ ఇంట్లోనే పోసేవాడు. మా జట్టు మొత్తం అవే కాల్చేది. టైర్ల కొట్టువాళ్ళు చక్రాల తూకం సరిచెయ్యడానికి బిగించి, తర్వాత ఊడదీసిన సీసపు ముక్కలు డబ్బాలతో తెచ్చుకుని, పొగ బయటికి పోయేలా గ్యారేజీ తలుపు బార్లా తెరిచి, గడ్డకట్టే చలిలో కోటు మీద కోటు తొడుక్కుని, సీసం కరిగించి అచ్చుల్లో పోసేవాడు. ఆర్డిస్ ఆ ఛాయలకు వెళ్ళేది కాదు. "నాకున్న పొయ్యి నాకు చాలు, నీ పొయ్యితో నువ్వు ఊరేగు" అనేది.

ఒక ఏడాది తొలి మంచు పడిన వారంలో వెండెల్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. కుడి కాలు సగం పడిపోయింది. మూతి ఒక పక్కకు లాగేసింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. నడక నేర్పడానికి జాస్లిన్ అనే కుర్ర పిల్ల వారానికి రెండుసార్లు వచ్చేది. కొత్త చేతికర్ర కూడా తెచ్చింది. దాని ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

"వెండెల్ గారూ, ఇవాళ వంటింటి దాకా వెళ్దాం. నాలుగడుగులే."

"వంటింట్లో నాకేం పనమ్మాయ్? అక్కడ మా ఆవిడుంటుంది. నాకు భయం."

పిల్ల నవ్వేది. వెండెల్ మాత్రం లేచేవాడు కాదు. జోకులేస్తూనే రోజులు నెట్టుకొచ్చాడు. ఒకరోజు నేను పేకాటకి వెళ్తే, ముక్కలు పంచుతుండగా ఉన్నట్టుండి అన్నాడు.

"ఆర్లో, ఆ అచ్చులూ సీసం కుండా నువ్వు పట్టుకుపోరా. పిస్టల్ కూడా. క్లిఫర్డ్‌కిస్తావో ఎవడికిస్తావో నీ ఇష్టం."

క్లిఫర్డ్ బ్రెకీ మా జట్టువాడే. పాతికేళ్ళుగా వెండెల్‌ని ప్రతి పందెంలోనూ ఓడించి, ఆ సంగతి ప్రతి గురువారం గుర్తుచేసేవాడు. అలాంటివాడికి పిస్టల్ ఇచ్చెయ్యమన్నాడంటే మనిషి ఆశ వదులుకున్నట్టే. చేతిలో ముక్కలు సర్దుకుంటూ కూర్చున్నాను. వంటింట్లోంచి గొంతు వినబడింది.

"పట్టుకెళ్ళావో, నీ కాళ్ళిరగ్గొడతా ఆర్లో!"

తర్వాతి వారం మళ్ళీ పేకాటలో ఉన్నాం. ఇల్లంతా దాల్చినచెక్క వాసన పాకింది. ఆర్డిస్ కేకు చేస్తోందేమో, మనకూ ఓ ముక్క దొరుకుతుందని సంబరపడ్డాను. వెండెల్ ముక్కు ఎగబీల్చాడు. ఇంకోసారి ఎగబీల్చాడు. చేతిలో ముక్కలు బల్ల మీద పడేశాడు.

"కేకు కాదురా అది! సీసం మీద మైనం కాలుతోంది!"

కర్ర అందుకుని లేచాడు. నేను పట్టుకోబోతే "తప్పుకో" అని భుజంతో తోసేశాడు. కాలీడ్చుకుంటూ వంటిల్లు దాటాడు. గోడ పట్టుకుని గ్యారేజీలోకి మెట్లు దిగాడు. నేను చేతులు చాచుకుని వెనకే నడిచాను, పడితే పట్టుకుందామని.

గ్యారేజీలో ఆర్డిస్ మంచుబండి నడిపేటప్పుడు పెట్టుకునే కళ్ళద్దాలు పెట్టుకుని, బడి వంటగదిలో వాడిన మోచేతుల దాకా వచ్చే చేతితొడుగులు వేసుకుని, సీసం కుండ ముందు నిలబడి ఉంది. కుండ మీద జానెడు ఎత్తున మంట లేస్తోంది. కరిగిన సీసంలోని మురికి పైకి తేలడానికి చిటికెడు మైనం వేసి కలుపుతారు. ఆర్డిస్ క్రిస్మస్‌కని దాచిన దాల్చినచెక్క వాసన కొవ్వొత్తి మొత్తం అందులో వేసేసింది.

"ఏమే! గుండ్లు పోస్తున్నావా, ధూపం వేస్తున్నావా? మనం లూథరన్లమే, క్యాథలిక్కుల్లా ధూపాలు వెయ్యం!"

"మైనం వేసేవాడివిగా నువ్వు?"

"బఠాణీ గింజంత వేస్తారే! మోకాలంత కొవ్వొత్తి వేస్తారా ఎవరైనా?"

"ఎంతెయ్యాలో చెప్పేవాడు కుర్చీకి అతుక్కుపోతే నాకెలా తెలుస్తుంది?"

వెండెల్ నోరు తెరిచాడు. అప్పుడు చూసుకున్నాడు, తను ఎక్కడ నిలబడి ఉన్నాడో. ఆర్డిస్ అంతకుముందే చూసింది. అయినా ఆ ఊసెత్తలేదు. మంట దానంతటదే తగ్గేదాకా ఆగి, కాలితో ఒక స్టూలు జరిపింది.

"కూర్చుని చెప్పు. నిలబడి అరిస్తే నాకర్థం కాదు."

జాస్లిన్ మర్నాడొచ్చి, మెట్లు దిగాడని విని నమ్మలేదు. "ఎలా సార్?" అంది. "ఏం చేయనమ్మాయ్, మా ఆవిడ ఇల్లు తగలబెడుతుంటే" అన్నాడు వెండెల్. కావాలనే అంత కొవ్వొత్తి వేసిందా అని నేను చాలా రోజుల తర్వాత ఆర్డిస్‌ని అడిగాను. "నీకు పిచ్చా ఆర్లో? ఆ కొవ్వొత్తి మా అక్క ఇచ్చింది. ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటోంది" అంది. గుండ్లు తయారుగా ఉంటే, పిస్టల్ ఒక్కసారి తెచ్చివ్వమని ఆయనే అడుగుతాడని ఆమె ఆశ. అంతకు మించి ఏమీ ఆలోచించలేదట.

అలా గ్యారేజీ బడి మొదలైంది. మొదట పోసిన గుండ్లన్నీ ముడతలు పడ్డాయి. వెండెల్ ఒకటి ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని చూశాడు.

"ఇవి గుండ్లా, ఎండు ద్రాక్షలా?"

"ఏమైందట వాటికి?"

"అచ్చు వేడెక్కలేదు. చల్లటి అచ్చులో పోస్తే సీసం మూలమూలకీ పారదు."

"పెనం కాలకముందు పోసిన మొదటి పాన్‌కేక్ లాంటిదన్నమాట. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

తర్వాత ఆమెకు చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది. వేడి సంగతి ఆమెకు చేతుల్లోనే ఉంది. ఒకసారి మాత్రం బయట మంచు తోసి వచ్చి, తడి చేతితొడుగులతోనే సీసం ముక్క తీసి కుండలో వెయ్యబోయింది. వెండెల్ కర్రతో ఆమె చేతి మీద ఒక్కటిచ్చాడు. ముక్క నేల మీద పడింది. ఇద్దరూ తెల్లబోయారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమె మీద చెయ్యెత్తింది లేదు.

"చుక్క నీళ్ళు పడ్డా కుండ పేలిపోతుందే ఆర్డిస్. ఆ సీసమంతా మొహాన పడుతుంది" అన్నాడు.

"సరేలే. నొప్పి లేదులే" అందామె. ఆ రోజు నుంచి గ్యారేజీలో ఎవరు అడుగుపెట్టినా ముందు బూట్లు, టోపీ, కోటు దులిపించేది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగనిదే ఎవరికీ కాఫీ ఇచ్చేది కాదు. సీసం కడుపులోకి పోతుందని, నన్ను పసిపిల్లాడిలా సింకు ముందు నిలబెట్టేది.

డబ్బా నిండా గుండ్లు మెరుస్తూ తయారయ్యాక ఒక సాయంత్రం ఆమె ఆ మాట అంది. నేనక్కడే ఉన్నాను.

"ఏమయ్యా, మీ ఆట ఒక్క చేత్తోనే ఆడాలి కదా?"

"అవును. రెండో చెయ్యి జేబులో పెట్టుకుంటాం. ఎప్పటినుంచో అదే పద్ధతి."

"మరి నీకొక చెయ్యుందిగా?"

వెండెల్ పేకముక్కలు అందుకున్నాడు. ఆ సాయంత్రమంతా ముక్కలు తప్పు వేస్తూ ఓడిపోయాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఖాళీ పిస్టల్ ఎడమచేత్తో ఎత్తి, గ్యారేజీ గోడ మీద మేకు వైపు గురిపెట్టి నిలబడి ఉన్నాడు. చెయ్యి గాలికి ఆకులా ఊగుతోంది. జాస్లిన్ నేర్పిన కసరత్తులు ఏవీ చెయ్యనివాడు, ఇది రోజూ చేశాడు.

గురువారం భవనానికి తీసుకెళ్ళాం. అక్కడ పెద్ద లెలాండ్ ఓస్ట్‌బీ. నియమాలంటే ప్రాణం. పిస్టల్‌లో మొదటి తూటా ఎక్కడానికి పైభాగాన్ని వెనక్కి లాగాలి. దానికి రెండో చెయ్యి కావాలి. ఆ పని ఆర్డిస్ చేస్తుందని చెప్పాం. లెలాండ్ తల అడ్డంగా ఊపాడు.

"గీత దగ్గర కాల్చేవాడు తప్ప ఇంకెవరూ తుపాకీ ముట్టుకోకూడదు ఆంటీ. రూలు రూలే."

"లెలాండ్, నువ్వు రెండో క్లాసులో క్యారెట్లు జేబులో దాస్తే ఎవరికీ చెప్పకుండా పాంటు ఉతికిచ్చిందెవరు?"

అందరూ గొల్లుమన్నారు. లెలాండ్ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు బుర్ర గోక్కుని, "పర్యవేక్షకులైతే ముట్టుకోవచ్చు" అని పర్యవేక్షకులు వేసుకునే ఎర్ర చొక్కా ఒకటి తెచ్చి ఆమెకు తొడిగాడు. అది మోకాళ్ళ దాకా వచ్చింది. మూడు వారాలు తిరిగేసరికి ఆ హాలు ఆమె చేతిలోకి వెళ్ళిపోయింది. తుపాకులు పెట్టే బల్ల మీద కాఫీ కప్పు పెట్టాడని క్లిఫర్డ్‌ని అందరి ముందూ కడిగేసింది. కళ్ళద్దాలు మరిచిపోయినందుకు లెలాండ్‌నే బయటికి పంపింది.

మొదటి రాత్రి మాత్రం పరువు పోయింది. వెండెల్ రెండుసార్లు కాల్చగానే పిస్టల్ బిగుసుకుపోయింది. సరిచేశారు. మళ్ళీ బిగుసుకుంది. కొన్ని గుండ్లు వెంట్రుకవాసి లావుగా ఉన్నాయి. వాటిని కొలత రంధ్రంలోంచి నెట్టి సరిచెయ్యాలి. తొందరలో ఆర్డిస్ కొన్నిటిని వదిలేసింది.

"రివాల్వర్ అయితే ఏది పెట్టినా పందిలా తినేస్తుంది" అన్నాడు క్లిఫర్డ్. "ఇది పేచీకోరు పిల్ల. నచ్చకపోతే మింగదు."

"పేచీకోరు పిల్లలకు జీవితమంతా తినిపించానయ్యా నేను" అంది ఆర్డిస్. తర్వాతి వారం నుంచి ఆ పిస్టల్ మింగని తూటా లేదు.

వసంతంలో పక్క ఊరి జట్టు పందేనికి వచ్చింది. ఆఖరి వంతులో వెండెల్ కాలుస్తున్నాడు. ఆర్డిస్ ఎప్పటిలానే ఆయన పడిపోయిన చేతివైపు, ఆసరాగా, కుడిపక్కన ఆనుకుని నిలబడింది. పిస్టల్ గుల్లలను విసిరేదీ అటే. రెండో గుల్ల ఎగిరి వచ్చి తిన్నగా ఆమె మెడ పట్టీలోంచి లోపల పడింది. అవి ఎంత వేడిగా ఉంటాయో మాకందరికీ తెలుసు. ఆమె మొహం ఎర్రగా కందిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కదిలితే ఆయన తూలతాడు. కదల్లేదు. పళ్ళు బిగబట్టి, మిగతా తూటాలన్నీ అయ్యేదాకా కొయ్యలా నిలబడింది. వెండెల్ పిస్టల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

అప్పుడు అరిచింది. ఆ అరుపుకు చెవులకు తొడుగులున్నా ఉలిక్కిపడ్డాం. ఎర్ర చొక్కా ఊపుకుంటూ, గుల్ల ఎక్కడుందో దొరక్క, హాలంతా గంతులేసింది. పక్క ఊరివాళ్ళు గుండెపోటనుకుని అంబులెన్సుకి ఫోన్ తీశారు. సంగతి తెలిశాక వెండెల్ నవ్వాడు. జబ్బు చేశాక అలా నవ్వడం అదే మొదలు. మూతి సగమే నవ్వింది గానీ మనిషంతా ఊగిపోయాడు. బల్ల పట్టుకుని, ఊపిరాడక, "కాఫీ వరసలో నిలబడ్డట్టు నిలబడిందిరా" అంటూ, ఏం అంటున్నాడో తనకే తెలియకుండా నవ్వాడు. ఆర్డిస్ కర్ర లాక్కుని కొట్టబోయింది. కొట్టకుండా ఆయన భుజం మీద తల ఆనించింది.

ఆ పందెం మేం ఓడిపోయాం. వెండెల్ కింది నుంచి మూడోవాడు. ఎవరికీ పట్టలేదు.

తర్వాత నాలుగు చలికాలాలు వాళ్ళిద్దరూ గురువారం మానలేదు. ఐదో ఏడు ఆకులు రాలేటప్పుడు వెండెల్ నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఆ చలికాలం గ్యారేజీ తలుపు తెరుచుకోదనుకున్నాం. అంత్యక్రియలైన నెలకే తెరుచుకుంది. "మీరందరూ ఏం కాలుస్తారు మరి? నేను కూర్చుని గోడలు చూడాలా?" అంది.

ఇప్పుడు టైర్ల కొట్ల నుంచి సీసం బస్తాలు మోసుకొచ్చేది క్లిఫర్డ్. అతని భార్య పోయి చాలా కాలమైంది. ఈ మధ్య కొత్త చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని మరీ బస్తాలు తెస్తున్నాడు. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. నేనే ధైర్యం చేసి అడిగాను, ఏమైనా విశేషమా అని. ఆర్డిస్ కుండలో కరగకుండా తేలుతున్న బూడిదరంగు ముక్క ఒకటి పటకారుతో తీసి నా ముందు పడేసింది.

"ఇదేంటో చూడు. జింకు. ఒక్కటి కలిసినా కుండంతా పాడు. బస్తాకి నాలుగు తెస్తాడు, చూసి ఏరమంటే అన్నీ ఒకేలా ఉన్నాయంటాడు. వాడితో పెళ్ళా?"

తొడుగులు విప్పుతూ, "కాఫీకి మాత్రం రమ్మన్నాన్లే" అంది.